వెనక వచ్చే సైకిలు

కొండలమీదికి సైకిళ్ళు వేసుకుని వెళ్దామని మా ఇంట్లో మళ్ళీ మాట పుట్టింది. "మళ్ళీ" అన్నాను గనక పోయినేడు ఒకసారి వెళ్ళారు కాబోలునని మీరు అనుకునే వుంటారు. వెళ్ళాం. వెళ్ళి, ఒక చెయ్యి విరగ్గొట్టుకుని వచ్చాం. ఆ చెయ్యి నాది కాదు, మా అన్నయ్య కూతురిది. తప్పు మాత్రం చాలావరకు నాది. అందుకే ఈ వారం ఈ సంగతి రాస్తున్నాను. సెలవలకి పిల్లల్నీ పెద్దల్నీ వెంటేసుకుని ఇలాంటి ప్రయాణం తలపెట్టేవాళ్ళు మీలోనూ వుంటారు గదా.

అనకాపల్లిలో కాపరం వుండేవాళ్ళకి కొండల మీద మోజు పుట్టడం వింతేమీ కాదు. మేడమీద బట్టలు ఆరేస్తూ పడమటికి చూస్తే చోడవరం అవతల తూర్పు కనుమలు నీలంగా కనిపిస్తూనే వుంటాయి. మన శారదానది పుట్టింది ఆ వేపునే. బస్సెక్కితే మాడుగుల దాటి ఘాటు రోడ్డు మీదుగా పాడేరు చేరుకోవచ్చు. 2022 ఏప్రిల్ 4న మన అనకాపల్లి ఒక జిల్లా అయింది. అదే రోజున అల్లూరి సీతారామరాజు జిల్లా కూడా పుట్టింది, పాడేరు దానికి ముఖ్యపట్నం అయింది. పక్కపక్క జిల్లాలన్నమాట. అయితే మనం సముద్రం ఒడ్డు ఎత్తుకి కాస్త పైన వున్నాం, పాడేరు సుమారు 900 మీటర్ల ఎత్తున వుంది. మధ్యనున్న ఆ ఎత్తే మమ్మల్ని ముంచింది.

పోయినేడు మాఘమాసంలో ఏడుగురం బయల్దేరాం. మా మరిది రోజూ తెల్లారగట్ల నలభై కిలోమీటర్లు తొక్కుతాడు, అతని తొడలు చూస్తే కుస్తీపట్లు పడతాడనుకుంటారు. మా అబ్బాయికి పదహారేళ్ళు. వాడికి అలుపన్నది తెలియదు, భయమన్నది అసలే తెలియదు. అన్నయ్య ఒకప్పుడు బాగా తొక్కేవాడు, ఇప్పుడు ఆ రోజుల గురించి బాగా చెబుతాడు. మా వారు రైతుబజారు దాకా నిక్షేపంగా తొక్కుతారు. మా వదిన స్కూల్లో చదివే రోజుల తరవాత సైకిలు ముట్టుకోలేదు. నేను నలభై దాటాక నేర్చుకున్నదాన్ని. ఆఖరిది మా మేనకోడలు. పన్నెండేళ్ళది, అప్పటికి సైకిలు నేర్చుకుని మూడు నెలలు. మా అత్తగారు ఎనిమిదోవారు. ఆవిడ తొక్కరు, వెనక టాటా ఏస్ బండిలో ముందు సీట్లో కూచుని ఆజ్ఞలు ఇస్తారు.

ప్లాను వేసింది నేను. కాయితం మీద గీత గీసి, మా మరిదిని పిలిచి, "ఘాటు ఎక్కడానికి ఎంతసేపు పడుతుందయ్యా?" అని అడిగాను. "రెండు గంటలు చాలు వదినా," అన్నాడు. పిల్లలున్నారు గదా అని నేను ఇంకో గంట కలిపాను. అక్కడే పప్పులో కాలేశాను. ఏడుగురు కలిసి వెళ్ళేటప్పుడు గట్టివాణ్ణి అడిగి, అతను చెప్పిన లెక్కకి కాస్త కలిపితే సరిపోదు. ఆఖరున వచ్చేవాళ్ళ లెక్క విడిగా వెయ్యాలి.

మన ఆడవాళ్ళకి అర్థమయ్యే కొలతలో చెబుతాను. మేడమెట్లు ఒక అంతస్తుకి మూడు మీటర్లు అనుకోండి. ఎనిమిదివందల మీటర్లు ఎక్కడమంటే బట్టలు ఆరెయ్యడానికి మేడమీదికి రెండువందల అరవై ఆరుసార్లు ఎక్కినట్టు, అదీ ఒక్కపూటలో, పద్ధెనిమిది కిలోల సైకిలుని మోసుకుంటూ. ఈ లెక్క నేను ముందే వేసి వుంటే మా వదిన ఇల్లు కదిలేది కాదు. మేనకోడల్ని నేనే కదలనిచ్చేదాన్ని కాదు.

గరికబంద దగ్గర ఘాటు మొదలుపెట్టేసరికే తొమ్మిది దాటింది. మగవాళ్ళు ముందు వెళ్ళిపోయారు. ప్రతి మలుపులోనూ ఆగి మాకోసం చూశారు, పాపం, ఆ మాట కాదనను. కాని జరిగిందేమిటో వినండి. వాళ్ళు పావుగంట నీడన కూచుని, నీళ్ళు తాగి, జంతికలు నమిలి, ఆయాసం తీర్చుకుంటారు. మేం రొప్పుకుంటూ అక్కడికి చేరగానే "ఆఁ, వచ్చేశారా, ఇహ పదండి!" అంటూ సీటెక్కుతారు. గట్టివాళ్ళకి ప్రతి మలుపులోనూ విశ్రాంతే. అది ఎక్కువ అవసరమైనవాళ్ళకి ఒక్క క్షణం లేదు. మూడో మలుపులో పిల్ల మొహం కందగడ్డలా అయింది. "అలిసిపోయావామ్మా?" అని అడిగితే "లేదత్తా, బాగానే వున్నా" అంది. ఆ "బాగానే వున్నా" అన్న మాటని నమ్మడం నేను చేసిన రెండో తప్పు. అందరూ తనకోసం ఆగుతున్నారని సిగ్గుపడే పిల్ల ఇంకేం చెబుతుంది?

సగం దారిలో ఇహ లాభం లేదని వెనక్కి తిరిగాం. దిగడం సుఖమే గదా అని నేను పిల్లని ముందుకి పోనిచ్చాను. అప్పటికే దాని చేతులు వణుకుతున్నాయి. ఒక మలుపులో కంకర పరుచుకుని వుంది, ఎదురుగా బస్సు హారను మోగింది. భయంతో ముందు బ్రేకు గట్టిగా నొక్కేసింది. ముందు చక్రం ఆగిపోయింది, పిల్ల ఆగలేదు.

మణికట్టు దగ్గర ఎముక చిట్లింది. సెల్‌ఫోనులో సిగ్నలు లేదు. మా అత్తగారు బండి దిగి వచ్చి, తను సగం చదివిన వారపత్రికని మడిచి దాని చేతి కింద పెట్టి, తన పైట చెంగు చింపి కట్టారు. ఆస్పత్రిలో డాక్టరుగారు ఆ కట్టు చూసి, ఎవరు కట్టారో గాని చక్కగా కట్టారన్నారు. సీరియల్లో ఆ వారం భాగం ఏమయిందో తెలియలేదని అత్తగారు ఇప్పటికీ దెప్పుతుంటారు. ఆరు వారాలు పిండికట్టు. ఆ తరవాత ఆ పిల్ల సైకిలు వంక చూడలేదు. మెట్ల కింద దుమ్ము పట్టిపోయింది.

ఈ శ్రావణంలో ఏం తోచిందో, తనంత తనే బయటికి తీసి తుడిచింది. సాయంత్రం నా దగ్గిరికొచ్చి, "అత్తా, ఈసారి వెళ్తే నన్ను ముందు పెడతావా?" అంది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ రాత్రి మళ్ళీ కాయితం తీశాను. ఈసారి గీత ఆ పిల్ల దగ్గిర్నుంచి మొదలెట్టాను.

ముందుగా సైకిలు మాట. ఈ కొండసైకిళ్ళు పుట్టిన కథ ఒకటుంది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని మారిన్ అనేచోట కొందరు కుర్రాళ్ళు పాత సామానులో పడివున్న 1930, 40ల నాటి బరువైన సైకిళ్ళు తెచ్చి, లావుపాటి టైర్లు తొడిగి కొండమీంచి దిగేవారు. 1976లో పందాలు మొదలెట్టారు. పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకులు వాటికి వుండేవి. ఒక్కసారి దిగేసరికి చక్రం ఇరుసులోని గ్రీజు కాలిపోయి పొగలొచ్చేది. మళ్ళీ గ్రీజు కూరాల్సిందే. అందుకని ఆ దారికే "రీపాక్" అని పేరు పడింది. వాళ్ళలో జో బ్రీజ్ అనే ఆయన 1977లో ఇందుకోసమని ప్రత్యేకంగా సైకిలు తయారుచేశాడు. 1996లో అట్లాంటా ఒలింపిక్సులో కొండసైకిలు పందెం కూడా చేరింది. ఇందులో నాకు నచ్చిన సంగతి వేరే వుంది. ఆ కుర్రాళ్ళు చాలాసార్లు సైకిళ్ళని ట్రక్కులో వేసుకుని కొండమీదికి తీసుకుపోయేవారట! ఈ ఆట మొదలెట్టిన మహానుభావులకి లేని నామోషీ మనకెందుకండీ? ఈసారి మా సైకిళ్ళు కూడా బండిలోనే ఘాటు ఎక్కుతాయి.

కొనేటప్పుడు మెరుగులు చూసి మోసపోకండి. ముందూ వెనకా స్ప్రింగులు, రంగురంగుల కాయితాలు అంటించిన చవక సైకిళ్ళు దుకాణం ముందు బారులు తీరి వుంటాయి. ఆ వెనక స్ప్రింగు బరువు తప్ప కొత్తవాళ్ళకి ఒరగబెట్టేది ఏమీ లేదు. స్ప్రింగుకి పెట్టే డబ్బు మంచి బ్రేకులకీ గేర్లకీ పెట్టండి. గేరు అంటే బెదిరిపోనక్కర్లేదు. మన పాత సైకిలుకి ముందు పళ్ళచక్రానికి రమారమి నలభై నాలుగు పళ్ళు, వెనక దానికి పద్ధెనిమిది. పెడలు ఒక్కచుట్టు తిరిగితే సైకిలు ఐదు మీటర్ల పైచిలుకు పోతుంది. చదును నేలమీద అది సుఖమే, ఎత్తు రాగానే ప్రాణం తీస్తుంది. కొండసైకిలులో ముందూ వెనకా పళ్ళు సమానంగా వుండే గేరు దొరికితే ఒక్కచుట్టుకి రెండు మీటర్లే పోతాం. బరువు అంత తేలికవుతుందన్నమాట. అయితే ఎత్తు మొదలవకముందే ఆ గేరులో పడాలి. ఎత్తు మధ్యలో మారిస్తే చైను కటకటలాడి, కొత్తవాళ్ళు బెంబేలెత్తి దిగిపోతారు. దిగిపోయినా తప్పులేదు. నడిపించుకుంటూ పోవడం కూడా ప్రయాణమే. మా ఇంట్లో ఈసారి మొదట నడిచేది మా మరిది. పిల్ల ఎదుట అతను దిగి నడవాలని ముందే ఒప్పందం చేసుకున్నాను. "అంతపనీ చేయిస్తారా వదినా!" అని మూలిగాడు గాని ఒప్పుకున్నాడు.

సీటు సంగతి చెప్పాలి. మామూలుగా పెడలు అడుగున వున్నప్పుడు మడమ దానిమీద ఆనిస్తే కాలు తిన్నగా రావాలి. అదీ సరైన ఎత్తు. కొత్తవాళ్ళకి మాత్రం, అందులోనూ ఒకసారి పడి భయపడ్డవాళ్ళకి, సీటు కిందికి దించండి. రెండు పాదాలూ నేలకి ఆనాలి. తొక్కడానికి మోకాళ్ళు కాస్త నొప్పెడితే పెట్టుగాక, నేల అందుతుందన్న ధైర్యం ముందు రావాలి. ధైర్యం వచ్చాక వాళ్ళే పైకి పెంచమంటారు.

ఇహ బ్రేకులు. నిరుడు ఇవి నేర్పకుండా పిల్లని కొండ ఎక్కించాను, తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ పుడుతుంది. వీధిలో గుల్లకంకర పోసినచోట రోజూ పది నిమిషాలు నేర్పిస్తున్నాను. రెండు బ్రేకులూ కలిపి, మెల్లిగా, మలుపు రాకముందే వెయ్యాలి. మలుపులో పడ్డాక కాదు. వాలులో మన బరువంతా ముందుకి తోసుకొస్తుంది. అప్పుడు ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టామా, సైకిలు ఆగి మనం ఎగురుతాం. కంకరలో అయితే ముందు చక్రం పక్కకి జారిపోతుంది. అందుకని వాలు దిగేటప్పుడు పెడళ్ళు రెండూ సమంగా పెట్టి, సీటు మీంచి కాస్త లేచి, నడుము వెనక్కి వుంచాలి. కళ్ళు పోవలసిన దారిమీద వుండాలి. రాయి వంకే చూస్తే సైకిలు తిన్నగా రాయి మీదికే పోతుంది, ఎందుచేతనో గాని పోతుంది. చాలాసేపు దిగితే వేళ్ళు మొద్దుబారతాయి గనక మధ్యలో ఆగి చేతులు విదిలించుకోవాలి.

నేరుగా కొండకి పోకుండా ముందు రెండుసార్లు చిన్న ప్రయాణాలు పెట్టుకున్నాం. మొదటిది శంకరం. వూరికి మూడు నాలుగు కిలోమీటర్లలో బొజ్జన్నకొండ వుండగా దూరదేశాల మాటెందుకు? సైకిళ్ళు కింద పెట్టేసి మెట్లెక్కాం. అది పురావస్తుశాఖవారి రక్షణలో వున్న చోటు, అక్కడ సైకిలు తొక్కాలని సరదాకైనా అనుకోకూడదు. క్రీస్తుశకం నాలుగో శతాబ్దం మొదలు తొమ్మిదో శతాబ్దం దాకా బౌద్ధులు వున్న స్థలమని చెబుతారు. 1907లో అలెగ్జాండర్ రీ అనే దొర తవ్వకాలు జరిపించాడు. పక్కనున్న లింగాలకొండ మీదివి లింగాలు కావు, రాతిని చెక్కిన చిన్న చిన్న స్తూపాలు. సంఘారామం అన్న మాటే శంకరమయిందట. మా వదిన అంతదూరం తొక్కి, గుహలో బుద్ధుడి ఎదుట కూలబడి, "ఆయనకేం, నిమ్మళంగా కూచున్నాడు" అంది. అయితే తిరిగొచ్చేటప్పుడు ఆవిడ నాకన్నా ముందుంది. ఆ రోజు నేను చేసింది ఒక్కటే పని. ఎవరు ఎంతసేపట్లో వచ్చారో చీటీమీద రాసుకున్నాను. నిదానంగా పోయేవాళ్ళు చదును రోడ్డున గంటకి పది పన్నెండు కిలోమీటర్లు, మట్టిదారిలో ఆరేడు, ఎత్తులో అయితే నడకతో సమానం. ఈ అంకెలే ఇప్పుడు మా ప్లానుకి ఆధారం.

రెండోది కొండకర్ల ఆవ. అచ్యుతాపురం రోడ్డు నిండా ఫ్యాక్టరీల లారీలే, పైగా ఇది చెరుకు రోజులు. బండ్లనిండా చెరుకు పొడుగ్గా బయటికి వుంటుంది, పక్కనుంచి పోతే మొహాన కొడుతుంది. అంచేత పెద్దరోడ్డంతా బండిలో దాటి, వూళ్ళ మధ్య సందుల్లోనే తొక్కాం. చలికాలంలో అక్కడికి పక్షులు వస్తాయి. తాటిమాను తొలిచి చేసిన దోనెలు రెండేసి కట్టి జనాన్ని తిప్పుతారు. పిల్ల దోనె ఎక్కి నవ్వింది. వచ్చేటప్పుడు పొలం గట్టున తుమ్మముల్లు దిగి మా వారి టైరు పంక్చరయింది. గాలిపంపు మా దగ్గిర వుంది, కొత్త ట్యూబూ వుంది. చక్రం వూడదీయడం మాత్రం ఎవరికీ చేతకాలేదు! ముప్ఫై నిమిషాలు కుస్తీపట్టి, చివరికి దారినపోయే రైతు ఒకాయన వచ్చి తీసిపెట్టాడు. మర్నాడు సైకిలుషాపు వాడిని ఇంటికి పిలిపించి, పెరట్లో అందరిచేతా తలా ఒకసారి వూడదీయించి బిగింపించాను. సామాను వుండగానే సరికాదు, దాన్ని వాడే చెయ్యి కూడా వుండాలి.

ఇప్పుడు అసలు ప్రయాణం. మార్గశిరంలో పెట్టాం. శుక్రవారం సాయంత్రం మనుషులూ సైకిళ్ళూ బండ్లలో పాడేరు చేరి, రాత్రి అక్కడే బస. శనివారం పొద్దున్న ఏడున్నరకి గాని కదలం. మంచులో పోతే ఎదురుబండి కనపడదు. కింద మనకంటే ఐదారు డిగ్రీలు చలి ఎక్కువ. ఆ రోజుల్లో రాత్రులు పది డిగ్రీల కిందికి దిగుతుంటాయి. పిల్లకి చేతితొడుగులు కొన్నాను, చలికీ పనికొస్తాయి, పడితే అరచేతికీ కాపు.

పాడేరునుంచి హుకుంపేట మీదుగా అరకు పోయే రోడ్డు ఇప్పుడు 516-ఇ జాతీయ రహదారి. అది కొత్తవాళ్ళకి పనికిరాదు. పక్కకి చీలే పల్లెదారులే మాకు కావాలి. బస దగ్గిర్నుంచి ఆరు కిలోమీటర్లు పోయి, అదే దారిన వెనక్కి రావడం మా ఏడుగురికీ ఉమ్మడి ప్రయాణం. చుట్టుదారిలో పోతే మధ్యలో ఎవరికైనా ఓపిక తగ్గినా చుట్టంతా పూర్తిచెయ్యక తప్పదు. వచ్చినదారినే మళ్ళేటట్టయితే ఎక్కడ విసుగొస్తే అక్కడ మళ్ళిపోవచ్చు. ఇంకో చిట్కా, పోయేటప్పుడు ఎత్తు, వచ్చేటప్పుడు వాలు వుండే దారి చూసుకోండి. పోయేటప్పుడు హాయిగా దిగిపోయి, అలిసిపోయాక ఎక్కవలసి రావడం లాంటి దురదృష్టం మరొకటి లేదు. దూరం చూసి మళ్ళడం కూడా వద్దు, గడియారం చూసి మళ్ళండి. ఎక్కడున్నా సరే తొమ్మిదిన్నరకి వెనుతిరగాలని మా ఒప్పందం.

మరి మా మరిదీ అబ్బాయీ ఏం కావాలి? వాళ్ళని కూడా మా వెంట ఆరు కిలోమీటర్లు ఈడ్చుకుపోయి సరిపెట్టమంటే అన్యాయం. మొహాలు ముడుచుకుని కూచుంటారు, ఆ వుక్రోషం కొత్తవాళ్ళ మీద పడుతుంది. అందుకని అందరం బసకి చేరాక, వాళ్ళిద్దరూ మధ్యాహ్నం దాకా తమకి తోచిన ఎత్తులెక్కి, తోచిన వాలులు దిగి రావచ్చు. ఇద్దరూ కలిసే వుండాలి, ఒంటిగంటకి భోజనాల వేళకి రావాలి. రెండుకి రాకపోతే బండి వెతుక్కుంటూ పోతుంది. ఏ దారిన పోతున్నారో చీటీమీద రాసి మా అత్తగారికి ఇచ్చి మరీ వెళ్ళాలి. సిగ్నలు వుండనిచోట ఫోను చేస్తామన్న మాటకి విలువలేదు. సిగ్నలు వున్నచోట మాత్రం 108 నెంబరు అందరికీ నోటికి వచ్చి వుండాలి.

ఉమ్మడి ప్రయాణంలో వరస ఇది. అందరికన్నా ముందు మా మేనకోడలు. దాని వెనకనే నేను. మధ్యన తక్కినవాళ్ళు. ఆఖరున మా మరిది, పంపూ ట్యూబులూ అతని దగ్గరే. ఎవరు ఆగినా వాళ్ళని దాటి అతను ముందుకి రాకూడదు. ముందుపిల్ల ఎంత మెల్లిగా పోతే అందరమూ అంతే మెల్లిగా. దారి చీలినచోటల్లా ఆగాలి. ఆఖరి మనిషి వచ్చి, సైకిలు దిగి, నీళ్ళు తాగాక ఐదు నిమిషాలు లెక్కపెట్టి అప్పుడు కదలాలి. ఆ ఐదు నిమిషాలూ గడియారం పట్టుకుని చూడ్డం మా వారి వంతు. ఇంకొకటి, "అలిసిపోయావా?" అని ఎవర్నీ అడగకూడదని తీర్మానించాం. అడిగితే అందరూ లేదనే అంటారు. మొహంచూసి, మాట్లాడించి తెలుసుకోవాలి. తొక్కుతూ ఒక వాక్యం పూర్తిగా చెప్పగలిగితే బాగానే వున్నట్టు. మాటకీ మాటకీ మధ్య రొప్పుతుంటే ఆగవలసిన వేళ అయిందన్నమాట.

తిండికి పెద్ద హంగామా అక్కర్లేదు. బరువు టిఫినుతో కొండ ఎక్కితే కడుపులో నొప్పి. అనకాపల్లి వాళ్ళకి వేరే మందెందుకు, దిమ్మ బెల్లం కొట్టి చిన్న ముక్కలు, వేయించిన వేరుశనగ గుళ్ళు కలిపి పొట్లాలు కట్టాను. గంటకొక గుప్పెడు. నీళ్ళు మనిషికి గంటకి అరలీటరు చొప్పున, దాహం వేసేదాకా ఆగకుండా. ఉప్పు వేసిన మజ్జిగ ఒక పెద్ద డబ్బాతో బండిలో. మధ్యాహ్నం భోజనానికి పులిహోర, చిక్కుడుకాయ కూర.

ఆడవాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. చీరె కుచ్చిళ్ళూ చున్నీ చైనులో పడితే ఆయుష్షు గట్టిది కావాలి. పంజాబీ డ్రస్సయితే కాలిమడమ దగ్గర రబ్బరుబ్యాండు వేసి, చున్నీ నడుముకి బిగించండి, లేదా ఇంట్లో పెట్టి రండి. హవాయి చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి. హెల్మెట్టు నుదుటిమీద, కనుబొమలకి రెండువేళ్ళ ఎత్తున వుండాలి. జడకొప్పు మీద నిలబెడితే అది అలంకారమే. మరుగు ఎక్కడ దొరుకుతుందో బయల్దేరకముందే కనుక్కుని పెట్టుకోండి. అడగడానికి సిగ్గుపడి నీళ్ళు తాగడం మానేస్తాం మనం, దానితో కళ్ళు తిరుగుతాయి.

ఇంకొక మాట. అది మన్యం. కాఫీతోటల మధ్యన, సిల్వర్ఓక్ నీడల్లో, మిరియపు తీగల పక్కన దారులు ఎంత నున్నగా కనిపించినా అవి ఎవరివో వాళ్ళవి. అడగకుండా దూరకూడదు. ఆ రోజుల్లో వలిసెపూలు పచ్చగా పరుచుకుని వుంటాయి. చేలో దిగి ఫోటోలు తీసుకుంటే ఆ గింజల మీద బతికేవాడి నష్టం. సంతరోజయితే రోడ్డంతా నెత్తిన బరువులతో నడిచేవాళ్ళే. వాళ్ళు తప్పుకోవాలని గంట మోగించకండి, మనమే దిగి నడిపించుకుపోదాం.

నిన్న సాయంత్రం సైకిళ్ళు సర్దుతుంటే మేనకోడలు స్పానరు తెచ్చి నా చేతికిచ్చింది. సీటు బిగింపు వదులుచేసి, "ఎంత దించమంటావు?" అన్నాను.

"దించద్దు. అర అంగుళం పెంచు," అంది.

పెంచాను. ఎక్కి, వీధి చివరి దాకా పోయి, గుల్లకంకర దగ్గర రెండు బ్రేకులూ వేసి ఆగి, తిరిగొచ్చింది. ఎడమచేత్తో కుడి మణికట్టు ఒకసారి తడుముకోవడం గమనించాను గాని ఏమీ అనలేదు. మా అత్తగారు మాత్రం గుమ్మంలో కూచుని, ఈసారి బండిలోకి పాత పత్రికలు రెండు విడిగా పెట్టమన్నారు. కొత్త సంచిక ఇవ్వరట.